మలుపు దగ్గర

తాయారమ్మ గారి గురించి రాయమన్నారు,
సావనీరుకట, రెండు పేజీలు, ఫొటో వాళ్ళే పెట్టుకుంటారట.
నాకు పేజీలు రావండి.
ఎనిమిది మాటల్లో సరుకు అమ్ముతూ బతికినవాణ్ణి.

వాళ్ళ నాన్న గుబ్బల సోమన్న
నరసాపురం వీధుల్లో సినిమా రిక్షా తొక్కేవాడు.
అటో బొమ్మ, ఇటో బొమ్మ, మధ్యలో మైకు,
కాళ్ళ దగ్గర గులాబీరంగు కరపత్రాల కట్ట,
ఆ కట్ట మీద ఈవిడ.
"అరిస్తే సరా పాపా,
మలుపు దగ్గర గొంతు ఆపాలి.
మిగతాది వినడానికి జనం గుమ్మంలోకి వస్తారు."
ఆవిడ చదివిన వ్యాపారం చదువు అదొక్కటే.

భీమవరంలో సైకిలు కొట్టు మీద గది,
రెండు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, నేను.
క్లిక్కుకి అర్ధరూపాయి.
ఆర్నెల్లు ఈగలు తోలుకున్నాం.

ఒక రాత్రి లెక్కల్లో ఏదో చూసి కుర్చీలోంచి లేచింది.
"మూడింటికి ఎవరు మేలుకునుంటారో చెప్పు."
దొంగలు, బాలింతలు, అన్నాను.
"రొయ్యల రైతులు."
ఆయ్, నిజమేనండి. తెల్లారుజామున చెరువులో ఊపిరి తగ్గుతుంది,
ఏరేటర్లు నీళ్ళని చితకబాదుతుంటాయి,
గట్టు మీద మడతమంచం, దోమలు, ఫోను.
దిగులుతో మేలుకున్న మనిషి ఏది చూపించినా చూస్తాడు.
దేశమంతా పడుకున్న ఆ గంటకి
ప్రకటనల సంతలో పుచ్చువంకాయల ధర.
గంపగుత్తగా కొన్నాం.

మేత, మందు, పిల్ల, ఐసు, ఆనక అప్పు.
ఆకివీడు నుంచి మొగల్తూరు దాకా
గట్టు గట్టునా నా ఎనిమిది మాటలు వెలిగాయి:
మీరు మేలుకున్నారు, మీ చెరువూ మేలుకుంది, మరి మేత సంగతి?
చూసి చూసి, వరి ఉన్నవాళ్ళు కూడా చెరువులు తవ్వారు.
ఈ ముక్క సావనీరులో వెయ్యరు.

తర్వాత బెంగళూరు వాళ్ళు వచ్చారు,
బొమ్మిడాయిల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నారు,
కంపెనీ కొనుక్కుపోయారు. ఎంతకో అడక్కండి,
బ్యాంకు మేనేజరు లేచి నిలబడ్డాడు, అంతే చెబుతాను.
నాకూ వాటా ఇచ్చింది. ఇల్లు కట్టాను. దాచేదేముంది.

అప్పట్నుంచి ఆవిడ పెట్టుబడి పెట్టే మనిషి.
కుర్రాళ్ళొచ్చి గీతలు చూపిస్తారు,
ఏ గీత చూసినా పైకే పోతుంది.
ఆవిడ అడిగేదొక్కటే: "నువ్వు ఎక్కడ ఆగుతావు?"
చాలామంది బిక్కమొహం వేస్తారు.
చేప పొలుసుతో ఎరువు చేసే పేరుపాలెం పిల్ల మాత్రం
ఠక్కున చెప్పింది. ముప్ఫై లక్షలు పట్టుకెళ్ళింది.
కొబ్బరి దింపే యంత్రం అబ్బాయి నిండా ముంచాడు.
"ఏటి ఈతకీ లంక మేతకీ సరిపోయిందిలే" అని నవ్వేసింది.

ఇప్పుడు నీళ్ళు.
ఇరవైమూడు ఊళ్ళలో మంచినీళ్ళ ప్లాంట్లు కట్టించింది,
బిందె ఊరికే.
మొదటిది ఉప్పుటేరు పక్కన, సబ్బు నురగ రాని ఊళ్ళో.
ప్రారంభం రోజున మరిడమ్మని ఒక పెద్దావిడ
ఇత్తడి బిందె చంకనుంచి దించకుండానే అడిగింది:
"ఇదివరకు మా బావి బాగానే ఉండేదమ్మా. ఎందుకు చెడిందంటావ్?"
తిట్టినట్టు కాదు, వాన పడుతుందా అని అడిగినట్టు.

తాయారమ్మ చేతిలో మైకుంది.
సోమన్న కూతురు.
గొంతు ఆపింది.
జనం గుమ్మాల్లోకి వచ్చారు, గోడలెక్కారు,
జనరేటరు వాడు జనరేటరు కట్టేశాడు.

మిగతాది రాలేదు.

కాసేపటికి మైకు నా చేతిలో పెట్టి
కుళాయి దగ్గర కూర్చుని బిందెలు పట్టింది,
జరీచీర మోకాళ్ళ దాకా తడిసి,
చీకటి పడేవరకూ.

నిన్న నాకు మెలకువ వచ్చింది, మూడు దాటింది.
దాహం.
చెంబు పక్కనే ఉంది.
చెయ్యి ముందు ఫోను మీదకి పోయింది.

సావనీరు వాళ్ళకి ఇంకా ఏమీ పంపలేదండి.